మందకు మహాలక్ష్మి తల్లిగొర్రె

బక్రీదు ముందర సంతలో జనమంతా పొట్టేళ్ల చుట్టూ మూగుతారు. కొమ్ములు తడుముతారు, మెడ కొలుస్తారు, కంటితోనే బరువు కట్టి ధర చెబుతారు. పావగడ తాలూకా కురుబల్లో, గొల్లల్లో పాతకాపరి మాత్రం ఆ సందడికి కరగడు. పొట్టేలును అమ్మితే ఒక్కసారి డబ్బు, మంచి తల్లిగొర్రెను నిలుపుకుంటే ఐదారేళ్ల పాటు డబ్బు. మంద నిలిచినా కూలినా ఆడగొర్రె మీదే. మంచి తల్లిగొర్రెను ఎంచి నిలుపుకునే విద్యలో ఈ తాలూకా కాపరులను మించినవాళ్లు నాకింతవరకు కనపడలేదు. పక్షపాతమంటారా, అనుకోండి!

ఊరి సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. తుమకూరు జిల్లాలో ఉన్నా పావగడకు దాదాపు చుట్టూ ఆంధ్రే. వాన తక్కువ, గుట్టలు ఎక్కువ, పంటంటే వేరుశనగ. రాష్ట్రం కన్నడమైనా మందను అదిలించేది తెలుగులోనే. పాతరకం ఇక్కడ నల్లగొర్రె, అంటే దక్కనీ, బళ్ళారి జాతుల ముతక ఉన్ని గొర్రె. విజయనగరం రోజుల నుంచీ ఉందని పెద్దలంటారు, ఉండొచ్చు. పక్కనున్న చళ్ళకెరె కంబళ్లకు పేరు తెచ్చింది ఇలాంటి గొర్రెల ఉన్నే. దూరం నడుస్తుంది, ఎండుమేతతో కాలం గడుపుతుంది, కరువును తట్టుకుంటుంది. ఎర్ర నెల్లూరు గొర్రె ఎత్తుగా, అందంగా ఉంటుంది, కాదనను. ఈ గుట్టల్లో మాత్రం నా ఓటు నల్లదానికే.

అసలు నేర్పు ఎంపికలో ఉంది. ఏ ఆడపిల్లను మందలో ఉంచాలో తేల్చడానికి కాపరి ముందు దాని తల్లిని చూస్తాడు. ఆ తల్లి ప్రతి ఈతా సకాలంలో ఈనిందా? రెండు చన్నులా పాలిచ్చిందా? కవలలు పుడితే ఒకదాన్ని తన్నేయకుండా రెంటినీ సాకిందా? పుస్తకం లేదు, చెవికి నంబరు లేదు. మూడొందల గొర్రెల మందలో సాయంత్రం పిల్లలను తల్లుల కిందికి వదులుతూ, ఒక్క జత కూడా తప్పకుండా కలిపిన పెద్దాయనను చూశాను. కలపడమే కాదు, ఫలానా పిల్ల అమ్మమ్మ ఏ ఏడు ఏ చేలో ఈనిందో కూడా చెప్పాడు.

తీసేయడంలోనూ అంతే పట్టుదల. సుమారు ఏడాదిన్నరకు రెండు పళ్లు, నాలుగేళ్లకు ఎనిమిది వస్తాయి. ఆ తర్వాత అరిగి, సందులు పడి, ఊడతాయి. నోరు పోయిన గొర్రె మేయలేదు, మేయనిది పాలివ్వలేదు. పొదుగు గడ్డకట్టినదీ, వరసగా రెండుసార్లు కట్టు నిలవనిదీ ఎంత ముద్దుగా ఉన్నా అమ్మకానికే.

ఇక పొట్టేలును వదిలే వేళ. గొర్రె 16, 17 రోజులకొకసారి ఎదకొస్తుంది, ఒకటి ఒకటిన్నర రోజు ఉంటుంది. చూడి కాలం ఇంచుమించు ఐదు నెలలు. తొలకరి గడ్డి మొలిచాక జూన్, జూలైల్లో పొట్టేలు దాటితే, వేరుశనగ పీకిన చేలల్లో ఆకూ అలమూ దొరికే కార్తీక, మార్గశిరాల్లో ఈనుతాయి. మేతను చూసి ఈతను పెట్టుకోవడమంటే ఇదీ!

దాటించే ముందు ఒక్కో గొర్రె నడుము పట్టి చూస్తాడు కాపరి. చివరి పక్కటెముక వెనక వెన్ను మీద బొటనవేలు ఆనించి, మిగతా వేళ్లు పక్కకు జారుస్తాడు. ఎముక కొనలు గుచ్చుకుంటే బక్కది. అసలు తగలకపోతే కొవ్వెక్కింది, దానికీ కట్టు సరిగా నిలవదు. బక్కవాటికి రెండు మూడు వారాల ముందు నుంచే రోజుకు పావుకిలో జొన్నలో, మొక్కజొన్నలో పెడతాడు. ఎదకు రావడమూ, కవలలు పడటమూ ఆ పావుకిలోను బట్టి ఉంటుంది. పాతిక ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. రెండేళ్లకోసారి దాన్ని మార్చాల్సిందే, లేకపోతే తన కూతుళ్లనే దాటుతుంది. చూడి చివరి నెలన్నరలో మాత్రం పిసినారితనం పనికిరాదు. కడుపులో పిల్ల బరువు మూడింట రెండు వంతులకు పైగా పెరిగేది అప్పుడే.

ఈత దగ్గర వీళ్ల చేతిని చూడాలి. ముందుకాళ్లు రెండూ, వాటి మీద మూతీ కనిపిస్తే కాపరి కదలడు. ఒక్క కాలే వస్తే చెయ్యి కడిగి, నూనె రాసుకుని, నొప్పి ఆగిన క్షణంలో పిల్లను కాస్త వెనక్కి తోసి, మడత పడ్డ కాలును వేలితో అందుకుని ముందుకు తెస్తాడు. ముక్కు తుడిచి పిల్లను తల్లి మూతి ముందు పెడతాడు. చన్నును ఒకసారి పిండి, గంటలోపే జున్నుపాలు తాగిస్తాడు. పిల్ల చచ్చిపోయిన తల్లికి తల్లి లేని పిల్లను అంటగట్టడం మరీ గొప్ప పని. చచ్చిన పిల్ల తోలు కప్పి వదిలితే ఆ వాసనకు తల్లి మెత్తబడుతుంది. రెండు మూడు రోజులకు తోలు తీసేసినా పిల్లను విడవదు.

రోగాల దగ్గర మాత్రం పశువైద్యుడి మాటే వినాలి. కంటి కింది రెప్ప వెనక్కి తీసి, లోపొర పాలిపోయిందంటే నట్టలు రక్తం తాగుతున్నాయని కాపరి పసిగట్టగలడు. చిటుకు రోగానికి నాటుమందు లేదు, తొలకరికి ముందే టీకా వేయించాలి. పారుడు రోగానికి పీపీఆర్ టీకా ఉంది. 2030 కల్లా ఆ రోగాన్ని దేశంలో లేకుండా చేయాలని ప్రభుత్వ లక్ష్యం.

ఇంత విద్యను ఇవాళ ఎవడు అడుగుతున్నాడు? వీడియో చూసి అప్పు తెచ్చి, ఎత్తు మీద ప్లాస్టిక్ పలకల షెడ్డు వేసి, సంతలో దొరికిన గొర్రెలను లారీకెత్తి దించితే అది ఫారమట! ఉప్పు మేపి కడుపునిండా నీళ్లు తాగించిన ముసలి గొర్రె దళారి చేతిలో చూడి గొర్రె అయిపోతుంది. మందలో బాగున్నదాన్ని ఏ కాపరి సంతకు తోలతాడు? సంతకొచ్చేది తీసేసిన సరుకే. దానితో మంద కట్టినవాడు రెండేళ్లకు షెడ్డు అమ్మకానికి పెడుతున్నాడు.

మంచి శాస్త్రానికీ నకిలీ తయారైంది. మహారాష్ట్ర ఫల్టణ్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ సుందర్‌బన్స్ గరోల్ గొర్రెలోని కవలల జన్యువును దక్కనీలోకి తెచ్చి నారీ సువర్ణను రూపొందించింది. ఏళ్ల తరబడి శ్రమించి, మన నల్లగొర్రెనే పునాదిగా తీసుకున్న పని అది, దానికి దండం పెడతాను. ఆ జన్యువు ఉందో లేదో డీఎన్ఏ పరీక్షే చెప్పాలి. పరీక్ష కాగితం లేకుండా ఆ పేరుతో అమ్మేదంతా మోసం.

అన్నింటికన్నా పెద్ద దెబ్బ భూమి మీద పడింది. 2018లో మొదలైన పావగడ సోలార్ పార్కు తిరుమణి, వళ్ళూరు చుట్టూ ఐదూళ్లలో సుమారు 13 వేల ఎకరాలు తీసుకుంది. 2,050 మెగావాట్ల కరెంటు, సంతోషం. భూమి ఉన్నవాడికి ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలైన కౌలు, అదీ సంతోషమే. సెంటు భూమి లేక, ఊరి బీళ్ల మీదే మందను మేపుకున్న కాపరికి మిగిలింది కంచె. మేత లేక మందలు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. మంద పోతే తరాల ఎంపికంతా దానితోనే పోయినట్టు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో సోలార్ పలకల కింద గడ్డిని గొర్రెలతో మేపిస్తున్నారు. అమెరికాలోనైతే అందుకు కాపరికి ఎదురు డబ్బులిచ్చే కంపెనీలున్నాయి. తిరుమణిలో మాత్రం ఎందుకు కుదరదు? ఎదురు డబ్బులు అక్కర్లేదు, వానాకాలం నాలుగు నెలలు గేటు తెరిస్తే చాలు. గడ్డి కోత ఖర్చు వాళ్లకు తగ్గుతుంది, చూడిగొర్రెకు మేత దొరుకుతుంది. కర్ణాటక ప్రభుత్వం ఈ ఒక్క పని చేయాలి. కొత్తగా మంద కట్టదలచినవారికీ ఒక మాట: సంతకు పోకండి. కాపరి దొడ్డికి పోయి, తల్లిని చూసి, అడిగిన ధర ఇచ్చి, ఆడపిల్లను కొనండి.