తారకలకు మన పలకరింపు

తెలుగున వెలసిన వాక్యములలో భూమికి మిక్కిలి దూరము పోయినది ఏ మహాకవి వ్రాసినదియు కాదు. 1977లో అమెరికావారు వాయేజరు అను పేర రెండు నౌకలను గ్రహముల పరిశీలనకై పంపుచు, ఒక్కొక్కదానికి బంగారుపూత పూసిన రాగిపలక నొకదానిని తగిలించిరి. గ్రామఫోను రికార్డు వంటి ఆ పలకపై సంగీతము, పక్షుల కూతలు, చిత్రములు, 55 భాషల పలకరింపులు చెక్కబడినవి. ఎన్నటికైనను ఏ లోకపు బుద్ధిజీవులైనను దానిని పట్టుకొని విందురేమో యని వారి యాశ. ఆ 55 భాషలలో తెలుగొకటి. ఒక నౌక 2012లోను, రెండవది 2018లోను సౌరవాయువు వీచు మేర దాటి నక్షత్రాంతర ప్రదేశమున ప్రవేశించినవి. ముందున్న నౌకనుండి రేడియో తరంగము మనలను చేరుటకు నేడు ఇంచుమించు ఒక దినము పట్టుచున్నది. పద్యమున ఒక యక్షరము తప్పినచో పత్రికలలో నెలల తరబడి వాదించుకొను మనము, ఎనిమిది కోట్లకు పైబడిన తెలుగువారి పేర అంతదూరము పోయిన ఈ మాటను ఒక్కసారి నిదానించి చదువవలదా?

వాక్యము చిన్నది. నమస్తే యని మొదలిడి, తెలుగు మాట్లాడు జనము పక్షమున శుభాకాంక్షలు తెలిపి ముగియును. పలికినవారిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. ఈ పలకరింపులు కార్ల్ సేగన్ నడపిన పనిలో భాగముగా, లిండా సాల్జ్‌మన్ సేగన్ పూనికతో, అధికభాగము కార్నెల్ విశ్వవిద్యాలయమున కొలది దినములలో రికార్డు చేయబడినవి. లోకాంతరవాసులకు ఒక పలకరింపు, అది క్లుప్తముగా నుండవలెను, అనుటకన్న పలుకువారికి చెప్పినది పెద్దగా ఏమియు లేదు. అట్టి తొందరలో నోటికి వచ్చినదే మన యలవాటును బయటపెట్టును. కావుననే ఇది పరీక్షింపదగినది.

మొదటి మాట నమస్తే. సంస్కృతము చదివినవారికి ఇది నమః, తే అను రెండు పదముల కూడిక యని తెలియును. తే యనగా నీకు, ఏకవచనము. ఎవరో, ఎందరో తెలియని యతిథులను మన వాక్యము నీవు అని పిలిచినది! ఇంటికి వచ్చిన అల్లుని, ఊరికి వచ్చిన అమీనాను మీరు అను తెలుగువాడు నక్షత్రలోకవాసిని నీవు అనుట యుండునా? వాడుకలో ఆ యర్థము మాసిపోయినదందురు, నిజమే. అయినచో మాసిపోని మాట మనకు లేకపోయినదా?

ఇక శుభాకాంక్షలు. ఇంగ్లీషువారి పండుగ కార్డులను చూచి మనము కూర్చుకొన్న మాట యిది. తెలుగు క్రియలేని వాక్యమును సహించును; మా ఊరు తెనాలి, మా నాన్న రైతు, ఇవి చక్కని వాక్యములే. కాని ఫలానివారినుండి శుభాకాంక్షలు అను కట్టు మాత్రము తెలుగు మాటలు తొడిగిన ఇంగ్లీషు తంతి. సగము పదములు సంస్కృతము, కట్టు ఇంగ్లీషు. మధ్యను తెలుగు అను పేరు మాత్రము తెలుగు. వ్యాసము గ్రాంథికమున వ్రాయుచు ఇట్లనుట వింతగా నున్నదని పాఠకులు నవ్వవచ్చును. వ్యాసమునకు ఒక కట్టు, గుమ్మమున నిలిచినవానిని పలకరించుటకు ఒక కట్టు. ఇంటికి వచ్చినవానితో నేనును ఈ భాష మాట్లాడను.

ఒక్క మాటను మాత్రము మెచ్చుకొనవలెను. అది మా. ఇంగ్లీషునకు, హిందీకి, సంస్కృతమునకు కూడ లేని సొగసు మన భాషకు గలదు: వినువానిని కలుపుకొన్నచో మన, కలుపుకొననిచో మా. లోకాంతరవాసితో మాట్లాడబోవు తెలుగువాడు నోరు విప్పకముందే ఆ ప్రాణి మనలోనిదా, బయటిదా యని నిర్ణయించుకొనక తప్పదు. ఈ వాక్యము మా యని, హద్దు గీచి, ఆవలివానికి చేయి చాచినది. వ్యాకరణము తత్త్వమైన చోటు ఇది యొక్కటే.

తక్కిన భాషలవారు ఏమనిరి? స్వీడిషున మాట్లాడినామె తాను చిన్న ఊరిలో కంప్యూటరు పని చేయుదునని నిజము చెప్పుకొన్నది. తురుష్కభాషలో పలికినవాడు తురుష్కభాష మాట్లాడు మిత్రులనే సంబోధించినాడు. చుక్కలలోనూ తనవారే యున్నారనుకొనెను కాబోలు! అన్నిటిలో నాకు నచ్చినది చీనా దక్షిణతీరపు ఆమోయ్ భాషలోనిది. ఆకాశమున నున్న మిత్రులను కుశలమడిగి, భోజనమైనదా యని ప్రశ్నించి, తీరికైనప్పుడు మా యింటికి రండని పిలిచినది. ఇది చదివినప్పుడు నాకు అసూయ కలిగినది. ఇది మన మాట గదా! భోజనమైనదా యని అడుగని తెలుగు గడప యున్నదా? నల్లరేగడి నేలల మా గుంటూరు, ప్రకాశం గ్రామములలో దానికి ముందు మఱియొకటి గలదు: మీ వైపు వాన పడినదా? మిరప కల్లములలో నున్న కాలమున అదే ప్రశ్న భయముతో అడుగుదురు, పత్తి విత్తిన కాలమున ఆశతో అడుగుదురు.

ఉత్తరములలో మన పెద్దలు ఉభయకుశలోపరి యని మొదలిడెడివారు. మేమిక్కడ క్షేమము, మీరక్కడ క్షేమమని తలతుము అనుట. అది వట్టి మర్యాద యని నవ్వెడి చదువరులు కలరు. ఈ నౌకలు భూమికిని గురుగ్రహమునకును నడుమ ప్రయాణము చేయుచున్న 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి, పది వేలకు పైగా ప్రాణములను తీసినది. ఆ వారములలో రేపల్లెనుండి, అవనిగడ్డనుండి క్షేమమను ఒక్క మాటకై ఎన్ని యిండ్లు ఎదురుచూచినవో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. శుభాకాంక్షలు అను మాట అట్టి దినమున ఎవరికి పనికివచ్చును?

ఆ ప్రాణులకు ఏ భాషయు తెలియదు గదా, ఏమన్ననేమి యని యొక యాక్షేపణ. సత్యమే. ఈ నౌక మఱియొక నక్షత్రపు దరిదాపులకు పోవుటకే ఇంచుమించు 40,000 సంవత్సరములు పట్టును. వినబోవువాడు లేనప్పుడు మాట పూర్తిగా పలికినవానిదే యగును. దీనికి ఎదురుగా, వినుటయే పనిగా పెట్టుకొన్నవారి కథ యొకటి చెప్పెదను. 1959లో కొకోని, మారిసన్ అను శాస్త్రజ్ఞులు, అన్యలోకవాసులు సంకేతములు పంపదలచినచో ఉదజని సహజముగా వెలువరించు 21 సెంటీమీటర్ల రేడియో తరంగము వద్దనే పంపుదురని ఊహించిరి. మరుసటి యేడు డ్రేక్ రెండు నక్షత్రములవైపు దుర్భిణి త్రిప్పి ఆలకించెను, ఫలము లేదు. నాటినుండి ఆ వెదకులాట సాగుచునే యున్నది. ప్రకృతి చేయు రేడియో ధ్వని విస్తారముగా పరచుకొనును; సన్నని దారమువలె ఒక్క చోటనే వినబడినది చేసిన ధ్వని కావచ్చును, అనునది వారి గురుతు. 1977 ఆగస్టు 15న అమెరికాలోని ఒహైయో దుర్భిణికి అట్టిది 72 సెకనుల పాటు వినబడినది. తరువాత కాగితములు చూచుచున్న జెర్రీ ఎమన్ ఆ యంకెలచుట్టు గీత గీచి, అంచున వౌ అని వ్రాసెను. మన భాషలో ఔరా యన్నట్లు. ఆ సంకేతము మరల వినబడలేదు. అదేమియో నేటికిని నిశ్చయము కాలేదు. దానికి ఐదు దినములకే మొదటి వాయేజరు నౌక పైకెగిరినది. ఎవరును వినరని తెలిసి కాగితపు టంచున వ్రాసిన మాట ఎంత సహజముగా నున్నది! విశ్వమంతయు వినునని తలచి పలికిన మాట ఎంత బిగదీసికొన్నది! ఈ సాహిత్యములో నాకు ఆ ఔరాయే ఉత్తమ వాక్యము.

పలకలో సుమేరియను, హిట్టైటు, లాటిను గలవు; సంస్కృతము లేదు. ద్రావిడభాషలలో తెలుగు, కన్నడములు గలవు. తమిళము, మలయాళము లేవు. తొందరలో దొరికినవారితో చేసిన పనికి ఈ లోపములు తప్పవు. మనము అందులో నున్నందుకు గర్వింపనక్కరలేదు.

పలికినవారికన్న నేర్పిన మాబోటి వారిదే భారమని నేననుటకు కారణము గలదు. తొమ్మిదవ తరగతి పిల్లలను చుక్కలలోని వారికి ఒక వాక్యము వ్రాయుడంటిని. ఇంచుమించు అందఱును గౌరవనీయులైన అని మొదలిడి, నమస్కరించి వ్రాయునది అని, సెలవుచీటీ వలె వ్రాసిరి. అది మేము నేర్పినదే. పెద్దవాడు వినుచున్నాడన్నచో సొంత నోరు మూసికొని అరువు నోరు తెరువవలెనని బడిలోనే నేర్పుచున్నాము. కాగితములు ప్రక్కన పెట్టించి, సాయంకాలము మీ అరుగు ముందర దారితప్పినవాడు నిలిచినాడు, ఏమందురు? అంటిని. అప్పుడు తెలుగు వచ్చినది. రాండి, కూకోండి అని యొకడు. మీ వైపు వాన పడిందా, మా పత్తికి చాలలేదు అని యొకడు. వెనుక బల్లమీది యొక బాలిక వ్రాసినది ఇది: మాది ఊరి చివర. మా ఇంట్లో మంచినీళ్లు తాగుతారుగా?

తెలుగు మాట్లాడు జనము అని పలకమీద ఏకముగా చెప్పిన మాట ఇక్కడ నిలువున చీలినది. నాడు ప్రకాశం జిల్లాలోనిదైన కారంచేడులో 1985 జూలైలో, దళితులు త్రాగు నీటి చెరువును మురికి చేయుటతో మొదలైన తగవు ఆరుగురు దళితుల హత్యతో ముగిసినది. ఆ బాలిక పుట్టుటకు ఎన్నో యేండ్ల మునుపటి మాట అది. ఐనను అతిథి తన యింట నీళ్లు త్రాగునా యను సందేహము ఆమెకు ఇంకను గలదు. చుక్కలనుండి వచ్చినవానిని గూర్చి సైతము గలదు.

విమర్శకుడుగా ఆ వాక్యమును చూతును. అతిథిని మీరు అన్నది. తన చోటు చెప్పినది. ఇల్లు చూపి నీళ్లిచ్చినది. నమస్తే, శుభాకాంక్షలు రెండును లేకయే వాని పని యంతయు చేసినది. అన్నిటికన్న మించి ఆ చివరి గా. త్రాగుదురు అను నమ్మకము, త్రాగరేమో యను భయము, ఆ యొక్క యక్షరములోనే యున్నవి. దానికి సరియగు ఇంగ్లీషు మాట చెప్పుడని పిల్లలు అడిగిరి. రెండు దినములు వెదకితిని, దొరకలేదు.