జాలీకి అటూ ఇటూ

టర్కీ అంతఃపురం అనగానే మన కళ్ళముందు ఏం మెదులుతుంది? పట్టుదిండ్లూ, హుక్కాలూ, పనీపాటా లేకుండా పడుకున్న ఆడవాళ్ళూను. నేనూ చాలాకాలం అంతే అనుకున్నాను. ఈ మధ్య ఇద్దరు స్త్రీలు రాసిన లేఖల పుస్తకాలు వరసగా చదివాను. ఒకావిడ లండన్ నించి టర్కీ వెళ్ళింది. ఇంకొకావిడ టర్కీ నించి యూరప్ వెళ్ళింది. మధ్యన దాదాపు రెండొందల ఏళ్ళ తేడా.

మొదటావిడ లేడీ మేరీ మాంటేగ్యూ, ఇంగ్లండు రాయబారి భార్య. 1717లో దారిలో సోఫియా పట్నంలో ఆడవాళ్ళ స్నానశాలకి వెళ్ళింది. అక్కడ రెండొందల మంది ఉన్నారట. వింత దుస్తులతో వచ్చిన ఈ దొరసానిని చూసి ఒక్కరూ మూతి విరవలేదు, గుసగుసలాడలేదు. యూరప్ రాజదర్బారుల్లో ఇంత మర్యాద దొరకదని ఆవిడే ఒప్పుకుంటుంది. నువ్వూ స్నానం చెయ్యమ్మా అని వాళ్ళు పట్టుబడితే, తప్పించుకోలేక పైబట్ట కాస్త తొలగించి లోపలి కార్సెట్ చూపించింది. అయ్యో పాపం, మొగుడు ఈ బోనులో పెట్టి తాళం వేశాడు కాబోలనుకున్నారు వాళ్ళు!

చదివి నవ్వేశాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. వాళ్ళన్నది మరీ అంత తప్పా? టర్కీలో భార్య సొమ్ము భార్యదేనని లేడీ మేరీయే రాసింది. ఇంగ్లండులో పెళ్ళయిన ఆడదానికి తన ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గాని రాలేదు.

అయితే ఈవిడ కలుసుకున్నదంతా గొప్పింటి బేగములని. టర్కీ స్త్రీలంత స్వేచ్ఛ ఎవరికీ లేదని తేల్చేసింది. ఆ ఇళ్ళలోని బానిస పిల్లల మాట వచ్చేసరికి తేలిగ్గా దాటేసింది. అది నాకు నచ్చలేదు.

ఈ లేఖ చదువుకునే ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ 1862లో 'టర్కీ స్నానం' బొమ్మ పూర్తిచేశాడు. ఆయన ఆ దేశం వెళ్ళనేలేదు. మర్యాదా, పలకరింపూ, కార్సెట్ వేళాకోళం అన్నీ ఎగిరిపోయాయి. ఒళ్ళు మాత్రం మిగిలింది. లోకానికి తెలిసింది ఆ బొమ్మే!

రెండో ఆవిడ జైనబ్ హానుం. ఫ్రెంచి పుస్తకాలు చదివి, యూరప్ అంటే స్వర్గమనుకుని, 1906లో చెల్లెలితో ఇస్తాంబుల్ నించి పారిపోయింది. ఆవిడ పుస్తకం 1913లో వచ్చింది. లండన్ పార్లమెంటు చూడబోతే ఆడవాళ్ళని పైన జాలీ వెనక కూచోబెట్టారు. మీకూ ఇక్కడ ఒక జనానా ఉందని నాకెందుకు చెప్పలేదమ్మా అని స్నేహితురాలిని అడుగుతుంది. (1908లో ఇద్దరు స్త్రీలు గొలుసులతో ఆ జాలీకే తమని కట్టేసుకున్నారు. 1917లో గాని దాన్ని తియ్యలేదు.)

ఈవిడకీ ఒక జబ్బుంది. ఆశ విరిగాక యూరప్ లో మంచి కనపడ్డం తగ్గిపోయింది. పెంకెతనంలో లేడీ మేరీకి సాటిరాదు గాని, ఈవిడ మాటలో నొప్పి ఉంది. ఆఖరి ఉత్తరంలో, ఏ ఊరినించి పారిపోయిందో ఆ ఊరికే ఓడెక్కుతుంది.