ఊట ఒకచోట, బొరియ ఒకచోట

రోహిణి కార్తె వచ్చిందంటే బందరు రోడ్డు మీద కంకిపాడు అటూ ఇటూ బానెట్లు ఎత్తిన పాత కార్లు కనబడతాయి. ఈ వారమూ కనబడుతున్నాయి. వాటి యజమానుల నోట వినబడే ఒక మాటంటే నాకు మంట: "మొన్ననే హెడ్ గ్యాస్‌కెట్ మార్పించామండీ, మళ్లీ పోయింది." ఏ మరమ్మతైనా కారణం దగ్గర మొదలవ్వాలన్న నా పాత పట్టు ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. కొత్త గ్యాస్‌కెట్ నెలకే పోయిందంటే తప్పు దానిది కాదు. దాన్ని పోగొట్టే కారణం ఇంజన్‌లో అలాగే ఉండిపోయిందని అర్థం.

కాలువ గట్టు వెలుపల నీరు ఊరుతుంటే మన డెల్టా రైతు ఆ ఊట మీద నాలుగు పారల మట్టి వేసి ఇంటికి పోడు. నీటి వైపుకు దిగి, ఎండ్రకాయ బొరియ నోరు ఎక్కడుందో కాలితో తడిమి చూస్తాడు. అదే రైతు కారు దగ్గరికొచ్చేసరికి చుక్క ఎక్కడ పడితే అక్కడే బెజ్జం ఉందనుకుంటాడు. కారిన నీరు ఇంజన్ ఒళ్లంతా పాకి, ఫ్యాను గాలికి చెదిరి, ఎక్కడో అట్టడుగున చుక్కగా తేలుతుంది. వాటర్ పంపు కింద చిన్న బెజ్జం ఉంటుంది. దాన్ని కావాలనే పెట్టారు. అక్కడ నీరు కారుతోందంటే లోపలి సీలు అరిగిందని పంపు చెబుతున్నట్టు. ఆ బెజ్జాన్ని మూసేస్తే నీరు బేరింగులోకి పోతుంది. రేడియేటర్ మూత సంగతి ఇంకా విచిత్రం. 0.9 కేజీల ఒత్తిడి పట్టే మూత సరిగా ఉంటే లోపలి నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. దాని రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు, నూరు డిగ్రీలకే మరుగుతుంది. ఎక్కడా చిల్లు లేకుండానే బండి నీళ్లు తాగుతుంది. నింద మాత్రం గ్యాస్‌కెట్ మీద పడుతుంది.

అంబాసిడర్ జీవితమంతా బోరు నీళ్లతోనే తిరిగింది, మారుతికి కూలెంట్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పాత పెట్రోలు అంబాసిడర్‌కు కింది బ్లాకూ పైన హెడ్డూ రెండూ పోత ఇనుమే. మారుతి 800లో ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు కూర్చుంటుంది. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఈ రెండింటి మధ్య నలిగేది గ్యాస్‌కెట్. ఇంజన్ ఒక్కసారి బాగా హీటెక్కితే హెడ్డు వంగుతుంది. వంపు 0.05 మిల్లీమీటరు, అంటే తలవెంట్రుక మందం కూడా కాదు, అంతకు మించితే ఎంత మంచి గ్యాస్‌కెట్ వేసినా నిలవదు. పైగా సముద్రం వైపు పోయేకొద్దీ మన బోర్లలో ఉప్పు పెరుగుతుంది. ఆ ఉప్పు అల్యూమినియాన్ని గుంటలుగా తినేస్తుంది. గడ్డకట్టే చలి మనకు లేకపోయినా, తుప్పును ఆపే మందు కోసమైనా కూలెంట్ కావాలి.

దారిలో రేడియేటర్ కారితే పసుపు పొడి వేసి ఇల్లు చేరడం మన రోడ్ల మీద పాత విద్యే. ఇల్లు చేరడానికైతే నాకు అభ్యంతరం లేదు. మర్నాడు దాన్ని కడిగించకుండా ఏడాది తిప్పితేనే చిక్కు. చిల్లును మూసిన పొడి రేడియేటర్ సన్న గొట్టాలనూ మూస్తుంది. ఆ పైన బండి హీటెక్కితే థర్మోస్టాట్ పీకేస్తారు. అప్పటికి ముల్లు కిందకి దిగుతుంది, రోగం లోపలే ఉంటుంది.

ఇంతదాకా చదివితే ఇదంతా మెకానిక్ మీద ఫిర్యాదులా కనిపిస్తుంది. నిజానికి నేనూ అటే పోతున్నాననుకున్నాను. కానీ పని లెక్క చూస్తే తప్పు యజమాని వైపు తేలుతోంది. హెడ్డు విప్పాక దాని మీద స్కేలు ఆనించి, ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. వంపుంటే విజయవాడ ఆటోనగర్‌లో లేతు షాపుకు పంపి ఫేసింగ్ చేయించాలి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచ్‌తో నడిమి బోల్టు నుంచి అంచులకు విడతలుగా రావాలి. దీనికి రెండు రోజులు కావాలి. యజమాని ఇచ్చేది ఒక సాయంత్రం. సామానుకు డబ్బిస్తాడు, చూసినందుకు ఇవ్వడు. వ్యవధి చాలని మెకానిక్ గ్యాస్‌కెట్ చుట్టూ సీలెంట్ దట్టంగా పూసి అప్పగిస్తాడు. పాత బండికి అంత ఖర్చు దండగ అంటారా? గ్యాస్‌కెట్ చవకే, విప్పి బిగించే కూలే ఎక్కువ. కారణం చూడకపోతే ఆ కూలి రెండుసార్లు కట్టాల్సిందే.

ఈసారి బండి షెడ్డులో పెట్టినప్పుడు "సాయంత్రానికి ఇస్తావా" అని అడక్కండి. "ఎందుకు పోయింది" అని అడగండి, ఆ జవాబు వెతికినందుకు కూలి విడిగా ఇవ్వండి.