గిటార్ అందుకున్న బంటురీతి

కర్ణాటక సంగీతంలో కొత్త రాగాలు కట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జూలై 6న పుట్టిన శంకరగుప్తం మా మలికిపురం మండలంలోని ఊరే. మలికిపురం నుంచి దిండి వెళ్లి, చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ గోదావరి దాటితే పాలకొల్లు దగ్గరే. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కృతుల్ని ఖండాలు దాటించిన ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టింది ఆ పాలకొల్లులోనే. సంప్రదాయంలో కొత్త రాగాలేమిటని అడిగినవాళ్లకు ఈ ఒడ్డు, కరెంటు వాద్యం మీద కర్ణాటక సంగీతమేమిటని అడిగినవాళ్లకు ఆ ఒడ్డు ఎప్పుడో జవాబు చెప్పాయి. ఇలాంటి నేల మీద పుట్టినవాళ్లం హార్డ్ రాక్ అనగానే చెవులు మూసుకోవడం న్యాయం కాదు. ఆ సంగీతంలో త్యాగరాజ కృతి ఎంత నిండుగా నిలబడగలదో చూపించిన ఆల్బమ్ ఒకటుంది. బెంగళూరు బ్యాండ్ 'అగం' 2012లో తెచ్చిన తొలి ఆల్బమ్ 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' అది. దాన్ని నేను ఎందుకింత ఇష్టపడతానో, అందులో పనితనం ఎక్కడుందో చెప్పడానికే ఈ వ్యాసం.

తొలి ఆల్బమ్ విలువ

రాక్ సంగీతంలో తొలి ఆల్బమ్‌కు ప్రత్యేకమైన గౌరవం ఉంది. రెండో ఆల్బమ్ నుంచి కంపెనీల గడువులు, పర్యటనల హడావిడి మొదలవుతాయి. మొదటిదాని వెనక మాత్రం ఎవరూ అడగకుండానే చేసిన సాధన ఉంటుంది. బ్రిటన్‌కు చెందిన లెడ్ జెప్లిన్ తన మొదటి ఆల్బమ్‌ను 1968లో సుమారు 36 గంటల స్టూడియో సమయంలో ముగించింది. బ్లాక్ సబ్బత్ 1969 అక్టోబరులో ఒక్క రోజులోనే తన మొదటి ఆల్బమ్ రికార్డు చేసి, 1970 ఫిబ్రవరి 13న విడుదల చేసింది. పాటలు అప్పటికే వేదికల మీద నలిగి, పండి ఉండబట్టే అంత త్వరగా పూర్తయ్యాయి.

అగం కథా అలాంటిదే. 2003లో మొదలైన ఈ బృందం 2007లో సన్ టీవీ 'ఊ ల ల లా' పోటీలో గెలిచింది. అయినా ఆల్బమ్‌కు తొందరపడలేదు. సభ్యులు ఉద్యోగాలు చేసుకుంటూనే సాధన సాగించి, తొమ్మిదేళ్లకు ఆల్బమ్ తెచ్చారు. ఈ ఆల్బమ్‌లో పాడింది, వయొలిన్ వాయించింది హరీశ్ శివరామకృష్ణన్. లీడ్ గిటార్ టి. ప్రవీణ్ కుమార్, కీబోర్డ్ స్వామి సీతారామన్, డ్రమ్స్ గణేశ్ రామ్ నాగరాజన్. కేరళ పడవపాట బాణీలో సాగే 'ది బోట్ సాంగ్', స్వాతి తిరునాళ్ ధనశ్రీ తిల్లానా ఈ ఆల్బమ్‌కు బాగా పేరు తెచ్చాయి. తెలుగు చెవికి మాత్రం అసలు నిధి 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి'. పేరు ఇంగ్లీషుదైనా ఆ పాట త్యాగరాజస్వామి హంసనాద రాగ కృతి 'బంటురీతి కొలువు'.

ఇది సైనికుడి పాట

ముందు సాహిత్యం సంగతి చూద్దాం. ఈ కృతిలో త్యాగరాజు రాముణ్ని సిరిసంపదలు అడగడు, మోక్షమూ అడగడు. కొలువులో భటుడి ఉద్యోగం అడుగుతాడు. మన్మథుడు మొదలుకొని మదం దాకా లోపలి శత్రువుల్ని కొట్టి నేలకూల్చే బంటు కావాలంటాడు. ఆ బంటు వేసుకునే కవచం ఒళ్లంతా లేచిన పులకింత. గుర్తింపు బిళ్ళ రామభక్తుడన్న పేరు. చేతిలో కత్తి రామనామం. భక్తిని ఆపాదమస్తకం ఆయుధాలతో అలంకరించిన రచన ఇది.

కచేరీలలో ఈ కృతిని చాలామంది మృదువుగా, వేడికోలుగా పాడతారు. అదీ అందమే, ఎందుకంటే కొలువు అడిగేవాడి గొంతులో వినయం ఉండాలి. అయితే అడుగుతున్నది యుద్ధం చేసే కొలువు. ఆ శౌర్యం కూడా వినిపించాలంటే కింద ఒక బరువు కావాలి, అడుగు వేస్తే నేల అదరాలి. అగం చేర్చింది ఆ బరువునే. హార్డ్ రాక్ ఈ కృతికి పైపూతగా రాలేదు, సాహిత్యంలో దాగిన వీరాన్ని బయటికి తీసింది. ఈ ఆల్బమ్ మీద నా అభిమానానికి మొదటి కారణం ఇదే.

తంబురా, పవర్ కార్డ్ ఒకే మాట చెబుతాయి

రెండో కారణం శాస్త్రానికి సంబంధించింది. పాశ్చాత్య సంగీతంలో కార్డ్ అంటే మూడు, అంతకు మించిన స్వరాలు కలిపి మోగించడం. మన భాషలో చెప్పాలంటే సామాన్యంగా షడ్జమం, గాంధారం, పంచమం. ఆ గాంధారం ఏ రకమన్నదాన్ని బట్టి కార్డుకు వెలుగో దిగులో వస్తుంది. రాగానికి ఇక్కడే చిక్కు. రాగం తన భావాన్ని తానే విప్పుకోవాలి. కింద ఉన్న కార్డు ముందే ఒక భావం ప్రకటిస్తే రాగం నోరు కట్టేసినట్లవుతుంది. సినిమా పాటల్లో రాగాలు చాలాసార్లు పలచబడిపోవడానికి ఇదొక కారణం.

హార్డ్ రాక్ గిటార్ ఎక్కువగా వాడేది పవర్ కార్డ్. అందులో గాంధారం ఉండదు, షడ్జమం, పంచమం, కావాలంటే పై షడ్జమం ఉంటాయి. దీనికి కారణం డిస్టార్షన్. శబ్దాన్ని యాంప్లిఫయర్‌లో కావాలని చిట్లించి గరుకుగా మార్చినప్పుడు గాంధారం కలిసిన కార్డు ముద్దగా, మురికిగా మోగుతుంది. షడ్జమ పంచమాల నిష్పత్తి 2:3 కాబట్టి అవి ఎంత చిట్లించినా ఒకదానితో ఒకటి పొసిగే ఉంటాయి. మన తంబురా తీగలు మోగించేది కూడా పంచమం, షడ్జమమే. బ్లాక్ సబ్బత్ కుర్రాళ్లు కరెంటు గిటార్‌తో చేరుకున్న చోటికి మన తంబురా ఎన్నో తరాల ముందే చేరుకుంది.

ఇక హంసనాదం స్వరాలు చూడండి: షడ్జమం, చతుశ్రుతి రిషభం, ప్రతిమధ్యమం, పంచమం, కాకలి నిషాదం. 60వ మేళకర్త నీతిమతి జన్యమైన ఈ రాగంలో పూర్వం షట్శ్రుతి ధైవతం కూడా పలికేది, ఇప్పుడు ఎక్కువగా దాన్ని వదిలేసి పాడుతున్నారు. గాంధారం అసలే లేదు. అంటే పవర్ కార్డులో లేని స్వరం రాగంలోనూ లేదు. హార్డ్ రాక్‌కు ఒక త్యాగరాజ కృతిని ఎంచుకోమంటే ఇంతకన్నా తగిన రాగం దొరకడం కష్టం. ఈ ఎంపిక వెనక చెవి ఉంది, ఆలోచన ఉంది.

దయ్యపు స్వరం, పెళ్లి స్వరం

హంసనాదానికి ప్రాణం ప్రతిమధ్యమం. షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఉన్న దూరానికి అది సరిగ్గా నడిమధ్యన నిలుస్తుంది. ఏ వైపూ తేల్చుకోని ఆ నిలకడలేనితనానికి జడిసి పాతకాలపు యూరప్ సంగీతశాస్త్రకారులు దానికి దయ్యం పేరు పెట్టారు. బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్‌లో మొదటి పాట నిలబడింది ఈ స్వరం మీదే. వాన, ఉరుము, గంట చప్పుడు వినిపించాక టోనీ అయోమీ గిటార్ మూడు స్వరాలు పలుకుతుంది: షడ్జమం, పై షడ్జమం, ప్రతిమధ్యమం. ఆ మూడింటితోనే హెవీ మెటల్ పుట్టిందని చాలామంది చెబుతారు.

మనకు ప్రతిమధ్యమం భయపెట్టే స్వరం కాదు. 72 మేళకర్తల్లో సరిగ్గా సగం, 36, దాని మీదే నడుస్తాయి. శుభకార్యాల్లో మోగే కల్యాణి ప్రతిమధ్యమ రాగమే. ఒక చోట దయ్యమనిపించుకున్న స్వరం ఇంకోచోట మంగళం పలికింది. అగం పాటలో ఈ రెండు జ్ఞాపకాలూ ఒకేసారి మోగుతాయి. గిటార్ వైపు నుంచి వింటే ఆ మధ్యమంలో రాక్ గాంభీర్యం, గొంతు వైపు నుంచి వింటే హంసనాదపు ఆర్తి. రెంటినీ ఒకే స్వరం మోయడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

రిఫ్, సంగతి, గమకం

రాక్ పాటకు పునాది రిఫ్. నాలుగైదు స్వరాల చిన్న పదబంధం, మార్పు లేకుండా మళ్లీ మళ్లీ వస్తుంది. కృతిలో పల్లవి కూడా మళ్లీ మళ్లీ వస్తుంది గానీ, వచ్చిన ప్రతిసారీ ఒక సంగతి పెరుగుతుంది. మొదటి సంగతిలో మొగ్గగా ఉన్న వాక్యం నాలుగో సంగతికి పూర్తిగా విచ్చుకుంటుంది. ఈ రెంటినీ కలిపితే కింద రిఫ్ కదలకుండా నిలబడుతుంది, పైన పల్లవి పెరుగుతూ పోతుంది. కింద మారనిది ఉంటేనే పైన మారుతున్నది స్పష్టంగా తెలుస్తుంది. సంగతుల అందం తెలియని కుర్రాడికి కూడా ఈ పద్ధతిలో అది చెవికి అందుతుంది.

గమకం సంగతి ఇంకా ఆసక్తికరం. వీణ మీద గమకం మెట్టు మీద తీగను పక్కకు లాగడంతో వస్తుంది. రాక్ గిటార్ వాద్యకారుడు చేసేదీ అక్షరాలా అదే. అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ తీగలు నొక్కే కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, నొక్కడానికి, లాగడానికి వీలుగా సన్నని తీగలు వేసుకున్నాడు. వీణ తీగను మీటితే నాదం కాసేపటికి సన్నగిల్లుతుంది. డిస్టార్షన్ ఉన్న గిటార్‌లో నాదం చాలాసేపు నిలుస్తుంది, అందువల్ల ఒకే మీటుతో పొడవాటి గమకం పలికించవచ్చు. ఈ సౌకర్యాన్ని మన శ్రీనివాస్ చిన్ననాడే పసిగట్టాడు. మామూలు మాండొలిన్‌కు ఉండే నాలుగు జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు వేసి, కరెంటు కలిపాడు. జంట తీగల మీద గమకం అంత సులువుగా లొంగదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటార్ దిగ్గజం పక్కన కూర్చున్నాడు.

తాళంలోనూ ఇలాంటి పొత్తు కనిపిస్తుంది. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, రాక్ నడక నాలుగు దెబ్బలు. రెండు నడకలు కలిస్తే ఒక ఆవర్తనం. త్యాగరాజు అనేక కృతుల్లో ఎత్తుగడను సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద పెట్టడు, కొంచెం దాటాక అందుకుంటాడు. ఇదీ ఆ కోవలోదే. డ్రమ్స్ సమం మీద గట్టిగా పడ్డాక వచ్చే ఆ చిన్న ఖాళీలోంచి గొంతు లేస్తుంది. దెబ్బ ఎంత బలంగా ఉంటే ఆ లేవడం అంత ఠీవిగా వినిపిస్తుంది.

శబ్దం తప్పా?

పెద్దల అభ్యంతరం ఎక్కువగా శబ్దం మీదే. దానికి జవాబు మన వీధుల్లోనే ఉంది. సన్నాయి, డోలు మెల్లగా మోగే వాద్యాలా? ఆరుబయట, వేల మంది నడుమ వినిపించడానికే అవి పుట్టాయి. అంతర్వేదిలో మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, రథోత్సవానికి వెళ్లినవాళ్లకు జనసముద్రంలో మేళం ఎలా మోగాలో తెలుసు. త్యాగరాజ కృతుల్ని గుడి వాకిళ్లలో, ఊరేగింపుల్లో నిలబెట్టింది సన్నాయి విద్వాంసులే. పెద్ద శబ్దం సంగీతానికి శత్రువు కాదు, శ్రుతి తప్పిన శబ్దమే శత్రువు.

కొత్తదనం మీద అభ్యంతరానికి శంకరగుప్తం బిడ్డే జవాబు. త్యాగరాజు నుంచి మానాంబుచావడి వెంకటసుబ్బయ్యకు, ఆయన నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రికి, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుకు, పంతులు నుంచి బాలమురళికి వచ్చింది విద్య. అంత నిఖార్సైన పరంపరలో ఉండి ఆయన నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలు కట్టాడు. 72 మేళకర్తల్లోనూ కృతులు రచించాడు. విమర్శలు వచ్చాయి, ఆయన పాడుతూనే ఉన్నాడు. పునాది గట్టిగా ఉన్నవాడే గోడ జరపగలడు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. బిగించిన డ్రమ్స్ లెక్కలో నెరవు తీరిగ్గా సాగదు, విద్వాంసుడు అప్పటికప్పుడు దారి మళ్లడానికి చోటు తక్కువ. కచేరీకి ఇది బదులు కాదు, కాబోదు. అయినా రాగం చెడకుండా, సాహిత్యం మరుగున పడకుండా హార్డ్ రాక్ బలమంతా త్యాగరాజు వాక్కుకు అండగా నిలిపిన ఆల్బమ్‌గా దీన్ని నేను మొదటి వరుసలో పెడతాను.

చదివినవాళ్లకు ఒక విన్నపం. ముందు మీకిష్టమైన విద్వాంసుల గొంతులో 'బంటురీతి కొలువు' ఒకసారి సాంతం వినండి, సాహిత్యం అర్థం చేసుకోండి. ఆ తర్వాత మంచి స్పీకర్లలో 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' పెట్టండి. ఇంట్లో గిటార్ నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లనూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లకు కృతి సంగతి మీరు చెప్పండి, గిటార్ సంగతి వాళ్లను చెప్పనివ్వండి.