మేడారం కవితను ఎలా చదవాలి?

సమకాలీన కవిత్వాన్ని ఇంతవరకు మీరు ఉద్యమాల పేర్లతో చదువుకున్నారు. ఈ భాగంలో ఒక ఊరి పేరుతో చదువుదాం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరిన మేడారంలో రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి రోజుల్లో సమ్మక్క-సారలమ్మ జాతర నాలుగు రోజులు జరుగుతుంది. 1996లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. జాతర వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో, కవిసమ్మేళనాల్లో మేడారం కవితలు వెలువడుతుంటాయి. వాటిలో మంచి కవితను ఎలా గుర్తించాలి?

ప్రచారంలో ఉన్న కథ మీకు తెలిసిందే. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న నేలకొరిగారు. సమ్మక్క పోరాడి చిలుకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైంది. వెదికినవారికి కుంకుమ భరిణ దొరికింది. ఈ కథలోని ధిక్కారం ఆధునిక కవిని ఆకర్షించడం సహజం. అయితే చాలా కవితల్లో ఒక కత్తి, కొంత నెత్తురు, చుట్టూ అడవి మాత్రమే కనిపిస్తాయి. సమ్మక్క పేరు తీసి రుద్రమ పేరు పెట్టినా ఒక్క పంక్తి మార్చనక్కర లేదు. అటువంటిది వీరగీతం కావచ్చు గాని మేడారం కవిత కాదు. ఇది మొదటి పరీక్ష.

రెండో పరీక్ష పలుకుబడికి సంబంధించినది. మేడారంలో తల్లులు కొలువుదీరేది గద్దెల మీద. కోయ పూజారులు చిలుకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమ భరిణే సమ్మక్క. భక్తులు నిలువెత్తు తూకం వేసి సమర్పించే బెల్లాన్ని 'బంగారం' అంటారు. తులం బంగారం కొనలేని ఇల్లాలు కూడా అక్కడ నిలువెత్తు బంగారం ఇస్తుంది. ఈ ఒక్క మాటలో పేదరికం, మొక్కు, ఆత్మగౌరవం కలిసి ఉన్నాయి. కవిత్వం జనం పలుకుబడిలో ఉండాలని వరంగల్లు కవి కాళోజీ నారాయణరావు (1914-2002) ఎందుకు పట్టుబట్టారో ఈ మాట చూస్తే మీకు అర్థమవుతుంది. మాటను వాడినంత మాత్రాన చాలదు. దాన్ని మోసుకొచ్చిన మనిషి కవితలో కనిపించాలి.

మూడో పరీక్ష కఠినమైనది. అచ్చు కవితలకు ముందునుంచీ ఈ కథను డోలి కోయలు పాడుతున్నారు. పడిగె అనే బొమ్మల గుడ్డ వారికి ఆధారం. అటువంటి గాయకుడు సకిని రామచంద్రయ్య కోయ, తెలుగు భాషల్లో పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. అచ్చయిన కవి పోయినా పుస్తకం మిగులుతుంది. డోలి గాయకుడి పాట నేర్చిన శిష్యుడి గొంతులోనే బతకాలి. కాబట్టి కథను తీసుకున్న కవిని మనం అడగాలి: కోయ మనిషి ఈ కవితలో మాట్లాడుతున్నాడా, అలంకారంగా నిలబడ్డాడా? గిరిజనేతరులు రాయకూడదని దీని అర్థం కాదు. యాత్రికుడిగా వెళ్లిన కవి యాత్రికుడిగానే రాయాలి. అడవిబిడ్డ గొంతు అరువు తెచ్చుకోనక్కర లేదు.

ఇక కవిత్వ వేడుక సంగతి. కాళోజీ జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇటువంటి సభల్లో తరచూ శాలువాలకు అరగంట, కవితకు రెండు నిమిషాలు దక్కుతాయి. మీరు సంపర్క తరగతుల రోజున చిన్న సభ పెట్టుకోండి. ఒకే కవితను రెండుసార్లు పైకి చదవండి. అందులో ఏ మాట తీసేస్తే కవిత కూలిపోతుందో చర్చించండి. కవితకు అంతకంటే గొప్ప సన్మానం లేదు.

అభ్యాసం: మీ ఊరి జాతర మీద పది పంక్తుల కవిత రాయండి. ఊరి పేరు, దేవత పేరు కొట్టివేసి మీ ఊరివారొకరికి చదివి వినిపించండి. అది మన ఊరేనని వారు గుర్తుపడితే కవితను ఉంచండి. గుర్తుపట్టకపోతే ఏ పంక్తి దగ్గర ఊరు తప్పిపోయిందో వెదికి, అక్కడినుంచి తిరగరాయండి.