వేళ్లకు తెలిసిన మర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రోడ్ల పక్కన బండి ఆయిల్ మార్చే మంచి మెకానిక్‌ను చూస్తుంటే నాకు తనివి తీరదు. ఇంజను కాస్త వెచ్చబడ్డాకే పాత ఆయిల్ దించుతాడు. అప్పుడే మడ్డి కూడా కలిసి జారుతుంది. డ్రెయిన్ నట్టు పెట్టేటప్పుడు వెంటనే పానా అందుకోడు. వేళ్లతోనే తిప్పి, మర సాఫీగా ఎక్కిందని తెలిశాకే బిగిస్తాడు. ఇంజను అడుగు అల్యూమినియం, నట్టు ఉక్కు. సొంతంగా మార్చుకునే మనం బలమంతా చూపి మర చెడగొట్టేది అక్కడే.

కారు ఆయిల్ పోస్తే బైకు క్లచ్ జారవచ్చు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అందుకే మెకానిక్ డబ్బా మీద, అలాంటి క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ గుర్తు చూస్తాడు. పోశాక ఇంజను కాసేపు నడిపి, ఆపి, బండిని నిటారుగా నిలిపి, నాలుగు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ గీత చూస్తాడు. ఎంత ముచ్చటైన ఓపిక! పాత నల్ల ఆయిల్ మోరీలోకి పోదు, డబ్బాలోకే.