యుగంధర్‌కి నక్కవాగు కేసు అప్పగిస్తే

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ మకాం మద్రాసు. శవం దొరుకుతుంది, అసిస్టెంట్ రాజు పరుగులు పెడతాడు, చివర్లో ముడి విడిపోతుంది. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు చిరిగేదాకా తిరిగిన ఈ అపరాధ పరిశోధన నవలల్ని కాలక్షేపం కింద కొట్టిపారేశారు మన పెద్దలు. నాకైతే వాటిలో ఒక గట్టి పనితనం కనిపిస్తుంది: మనిషి చెప్పింది వెంటనే నమ్మకపోవడం, వస్తువు చేత మాట్లాడించడం.

సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆ పనితనాన్ని కాలుష్యం మీదికి ఎప్పుడో మళ్లించారు. కార్ల్ హయాసెన్ మయామీలో విలేకరిగా ఉంటూనే 1986లో 'టూరిస్ట్ సీజన్' రాశాడు. ఫ్లోరిడాని మింగేస్తున్న రియల్ ఎస్టేటే అందులో అసలు కక్ష. రాస్ మెక్‌డొనాల్డ్ 'స్లీపింగ్ బ్యూటీ' (1973) సముద్రం మీద చమురు తెట్టుతో మొదలవుతుంది. 1969లో శాంటా బార్బరా తీరంలో చమురు పొంగినప్పుడు నిరసనల్లో ఆయన కూడా ఉన్నాడు.

మనకు ఇక్కడ సముద్రం లేదు, వాగుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల మురికిని మోసుకుంటూ మంజీరలో కలిసే నక్కవాగు. ఈ కేసు యుగంధర్ చేతికిస్తే మొదటి చిక్కు వెంటనే ఎదురవుతుంది. మామూలు కథలో హంతకుడెవరో తెలియదు. ఇక్కడ ఏ రైతునడిగినా చెయ్యి చాపి గోడ అవతలి చిమ్నీని చూపిస్తాడు. దొరకనిది మనిషి కాదు, రుజువు.

అలిబీ కూడా పకడ్బందీగా ఉంటుంది. 1994లో వ్యర్థజలాల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. మా నీళ్లు ట్యాంకర్లో అక్కడికే పోతున్నాయండీ, ఇదిగో రసీదు అంటుంది కంపెనీ. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం సరిగ్గా ఆ రసీదు అవతలికి చూసింది. శుద్ధి చేశాక బయటికి వదిలే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ తేలింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోల లెక్కన పోతోందని, స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అంతేనని వాళ్ల అంచనా. ఈ మందు ప్రకృతిలో పుట్టేది కాదు, కాబట్టి వేలిముద్ర దొరికినట్టే.

అయితే ఆ వేలిముద్ర ఎవరిది? ఆ కేంద్రానికి నీళ్లు పంపేవి దాదాపు 90 మందుల కంపెనీలు. జాడ కేంద్రం గేటు దగ్గరే ఆగిపోతుంది. (అగథా క్రిస్టీ 'మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్' చదవనివాళ్లు మన్నించాలి, అక్కడా రైలు పెట్టెలోని అనుమానితులంతా దోషులే.) ఇలాంటి కథలో అనుమానితుల్ని ఒక్కొక్కరిగా కొట్టేసే పాత పద్ధతి పనికిరాదు. ఎవరి వాటా ఎంతన్నదే ప్రశ్న.

కాలం కూడా సాక్ష్యమే. వాన పడుతున్న రాత్రి ఎవరో వాల్వు తిప్పారని, తెల్లారేసరికి వాగులో నురగ, ఘాటు వాసన అని ఇక్కడి ఊళ్లవాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. హత్యా సమయం తేల్చినట్టే వానల లెక్క, ట్యాంకర్ల ట్రిప్పు షీట్లు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు రోగుల్ని చూస్తూనే కాలుష్యం మీద దశాబ్దాలు పోరాడారు. ఈ నేల డిటెక్టివ్‌కి నమూనా కావాలంటే ఆయనున్నారు.

చివరి అధ్యాయం మాత్రం కుదరదు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు 2001లో హైకోర్టుకు, 2013లో గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి 2017లో తీర్పుదాకా వచ్చింది. ఇరవై ఏడేళ్లు ఏ పాఠకుడు ఆగుతాడు?

ఇక పటాన్‌చెరు పక్కనే ఉన్న పాశమైలారం కేసు. 2025 జూన్ 30న సిగాచీ ఫ్యాక్టరీ పేలింది. అక్కడ తయారయ్యేది మాత్రలు గట్టిపడ్డానికి కలిపే సెల్యులోజ్ పొడి. తింటే హాని లేదు. అంత మెత్తటి ధూళి గాలిలో కమ్ముకుని నిప్పు తగిలితే మాత్రం బాంబే. యాభై మందికి పైగా పోయారు. లోపల ఎంతమంది ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది. కొందరిని డీఎన్‌ఏ పరీక్షతోనే గుర్తించారు, ఎనిమిది మంది ఆనవాలే దొరకలేదు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన బంధువులు ఫొటోలు పట్టుకుని తిరిగారు.

పాశమైలారం నవల రాసేవాళ్లు యుగంధర్‌ని పిలవకుండా, టైమ్ ఆఫీసులో హాజరు రాసే గుమాస్తాని పరిశోధకుడిగా పెడితే బాగుంటుంది. ఆ షిఫ్టులో గేటు దాటింది ఎవరో, ఎవరు ఏ కాంట్రాక్టరు మనుషులో అతనికి తెలుసు.